క్లౌడ్‌లో తొలగింపు ఆదేశం: ఒక చారిత్రక పరిశీలన

క్లౌడ్‌లో సర్వర్లను, నిల్వను ఎలా సృష్టిస్తారన్నది పాఠ్యగ్రంథాల్లో విస్తారంగానే ఉంటుంది. వాటిని తొలగించడం గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. కానీ తొలగింపుకూ ఒక చరిత్ర ఉంది. అందులో నష్టాలు కూడా ఉన్నాయి.

సంస్థలు సొంత కంప్యూటర్ గదులు నడిపిన రోజుల్లో ఒక సర్వరును తీసివేయాలంటే మనిషి అక్కడికి వెళ్లి, తీగలు ఊడదీసి, యంత్రాన్ని మోసుకుపోవాలి. ఆ శ్రమే ఒక రక్షణగా ఉండేది. ఈలోగా ఎవరో ఒకరు "ఇది ఎవరిదండీ?" అని అడిగే వీలుండేది. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 నిల్వ సేవను, ఆగస్టులో ఈసీ2 సర్వర్ల సేవను ప్రారంభించాక ఆ వీలు తగ్గింది. ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌కు పంపే అభ్యర్థనతోనే పని పూర్తవుతుంది. ఇలా అభ్యర్థనలు స్వీకరించే ద్వారాన్నే ఏపీఐ అంటారు. 2011లో వచ్చిన క్లౌడ్‌ఫార్మేషన్ మరో అడుగు ముందుకు వేసింది. ఒక ఫైలులో వర్ణించిన వనరులన్నింటినీ కలిపి నిర్మించవచ్చు, ఒకే ఆదేశంతో కలిపి తొలగించనూ వచ్చు. డేటాబేస్ వంటి ముఖ్యమైన వనరును మాత్రం మినహాయించమని ముందే రాసి ఉంచే సౌకర్యం ఇందులో ఉంది. గూగుల్ డిప్లాయ్‌మెంట్ మేనేజర్ కూడా వనరును నిజంగా తొలగించడం, జాబితా నుంచి మాత్రమే వదిలేయడం అనే రెండు మార్గాలు ఇచ్చింది.

2022 ఏప్రిల్ 5న ఆస్ట్రేలియా సంస్థ అట్లాసియన్‌లో జరిగిన సంఘటనను వివరంగా చూడాలి. పాతబడిన ఒక అనువర్తనాన్ని ఖాతాదారుల సైట్ల నుంచి స్క్రిప్టు ద్వారా తీసివేయాలనుకున్నారు. తొలగించమని కోరిన బృందం, అమలు చేసే బృందానికి అనువర్తనం గుర్తింపు సంఖ్యలకు బదులు మొత్తం సైట్ల సంఖ్యలు ఇచ్చింది. ఏపీఐ రెండు రకాల సంఖ్యలనూ స్వీకరించేది. దేనిని ఇస్తే దానిని, హెచ్చరిక ఏదీ లేకుండా, తొలగించేది. అంతకుముందు 30 సైట్లపై పని సవ్యంగానే జరిగింది, ఎందుకంటే ఆ సంఖ్యలు సరైనవి. స్క్రిప్టును మరొకరు సమీక్షించారు కూడా. అయితే ఆ సమీక్ష ఏ ఏపీఐని పిలుస్తున్నారన్నది చూసింది, ఏ సంఖ్యలు ఇస్తున్నారన్నది చూడలేదు. ఉదయం 7:38 నుంచి 8:01 వరకు (యూటీసీ), అంటే 23 నిమిషాల్లో, 775 మంది ఖాతాదారులకు చెందిన 883 సైట్లు పోయాయి.

బ్యాకప్‌లు ఉన్నాయి. అయినా కొందరికి పునరుద్ధరణకు 14 రోజుల వరకు పట్టింది. ఒక్కో ఖాతాదారు సమాచారాన్ని విడదీసి తిరిగి నిలబెట్టే యంత్రాంగం పెద్ద ఎత్తున సిద్ధంగా లేదు. ఇంకొక సంగతి ఆలోచింపజేస్తుంది: ఖాతాదారుల నిర్వాహకుల సంప్రదింపు వివరాలు కూడా తొలగిన సైట్లలోనే ఉన్నాయి. నష్టపోయిన వారికి కబురు చేయడానికే సంస్థ ఇబ్బంది పడింది. ఫిర్యాదు నమోదుకు సైటు చిరునామా కావాలి, కానీ ఆ చిరునామాయే లేకుండా పోయింది.

దీనికి ఐదేళ్ల ముందు, 2017 ఫిబ్రవరి 28న, ఎస్3 సేవలో కొన్ని సర్వర్లను తీయబోయి, ఆదేశంలో ఒక అంశం తప్పుగా టైపు చేయడంతో ఎక్కువ సర్వర్లు తొలగాయి. అమెజాన్ ఆ తరువాత తొలగింపు వేగాన్ని తగ్గించింది, కనీస సామర్థ్యం కంటే దిగువకు పోకుండా అడ్డు పెట్టింది. అట్లాసియన్ మెత్తని తొలగింపు, అంటే ముందు గుర్తుపెట్టి గడువు తరువాతే శాశ్వతంగా చెరిపే పద్ధతిని, అన్ని వ్యవస్థల్లో తెస్తామని ప్రకటించింది. కంప్యూటర్ గదిలో ఒకప్పుడు మనిషి అడిగిన ప్రశ్ననే ఈ గడువు రూపంలో మళ్లీ అమర్చుకున్నారన్నమాట.