కస్కాస్కియా వర్తకుడు పియెర్ మెనార్డ్

మెనార్డ్ పేరు చెబితే మా చెస్టర్‌లో చాలామందికి ముందు గుర్తొచ్చేది మిసిసిపీ గట్టున ఉన్న రాష్ట్ర జైలు. జైలుకు ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. పియెర్ మెనార్డ్ ఇల్లినాయ్ రాష్ట్రపు మొదటి లెఫ్టినెంట్ గవర్నర్, అంతకుముందు ఈ సరిహద్దు సీమలో పేరుమోసిన వర్తకుడు. మా రాండాల్ఫ్ కౌంటీలోనే, ఎల్లిస్ గ్రోవ్ దగ్గర, ఆయన కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆయన బతికిన ఊరే లేదు. 1881 వరదలో మిసిసిపీ దారి మార్చుకుని, రాష్ట్రానికి తొలి రాజధాని అయిన కస్కాస్కియాను కోసుకుపోయింది. మిగిలిన ముక్క నదికి పడమటి గట్టున పడింది. ఇల్లినాయ్‌లోని ఆ ఊరికి వెళ్లాలంటే మేం వంతెన దాటి మిస్సోరీ మీదుగా తిరిగి వెళ్లాలి. మెనార్డ్ ఇల్లు తూర్పు గట్టున గుట్ట పాదాన ఉంది గనుక దక్కింది.

ఆయన 1766లో మాంట్రియల్ దగ్గర ఫ్రెంచి కుటుంబంలో పుట్టాడు. ఇరవయ్యేళ్ల వయసుకు విన్సెన్స్ అనే ఊరు చేరి ఫ్రాన్సిస్ విగో అనే వర్తకుడి దగ్గర పనికి కుదిరాడు. 1790ల మొదట్లో కస్కాస్కియాలో సొంత కొట్టు పెట్టాడు. అప్పట్లో ఇక్కడ నాణేలు అరుదు, జింకతోళ్లే డబ్బుగా చెలామణీ అయ్యేవి. దుప్పట్లు, తుపాకిమందు, వంటపాత్రలు అరువుకిచ్చి, బదులుగా తోళ్లు తీసుకునేవారు. అరువిచ్చే వర్తకుడి మాటకు ఊళ్లో విలువ ఎక్కువ. మెనార్డ్ రాజకీయ జీవితానికి పునాది ఆ కొట్టులోనే పడిందని నా నమ్మకం.

బొచ్చుతోళ్ల వ్యాపారం ఆయన్ను చాలా దూరం తీసుకెళ్లింది. 1807లో విలియం మారిసన్‌తో కలిసి మాన్యువల్ లీసా అనే వర్తకుడి యాత్రకు పెట్టుబడి పెట్టాడు. తర్వాత సెయింట్ లూయిస్ మిస్సోరీ ఫర్ కంపెనీలో భాగస్వామిగా తానే బయల్దేరి, 1810 వసంతానికి మిస్సోరీ నది పుట్టే త్రీ ఫోర్క్స్ దాకా వెళ్లాడు. బీవర్లు కావలసినన్ని ఉన్నాయి. కానీ అది బ్లాక్‌ఫీట్ తెగ గడ్డ. వాళ్ల దాడుల్లో కంపెనీ మనుషులు చాలామంది పోయారు. లూయిస్, క్లార్క్ యాత్రలో వేటగాడిగా పేరు తెచ్చుకున్న జార్జ్ డ్రూయార్డ్ కూడా అక్కడే చనిపోయాడు. మెనార్డ్ ఆ వేసవిలోనే తిరిగొచ్చాడు.

చట్టసభలో ఆయన ప్రస్థానం ఇండియానా టెరిటరీ రోజుల్లో మొదలైంది. 1812 నుంచి 1818 దాకా ఇల్లినాయ్ టెరిటరీ శాసనమండలికి అధ్యక్షుడు. 1818లో రాష్ట్ర రాజ్యాంగం రాస్తున్నప్పుడు చిక్కొచ్చింది. గవర్నర్ పదవికి ముప్పయ్యేళ్ల పౌరసత్వం ఉండాలన్నారు, లెఫ్టినెంట్ గవర్నర్‌కూ అదే నియమం. మెనార్డ్‌కు పౌరసత్వం వచ్చింది 1816లో. ఆయన కోసమే లెఫ్టినెంట్ గవర్నర్ అర్హతను సడలించారు. ఒక మనిషిని చూసి రాజ్యాంగం మార్చారంటే ఈ సీమలో ఆయనకు ఎంత పరపతి ఉందో అర్థమవుతుంది.

ఆ పరపతికి ఇంకో ముఖం ఉంది. ఇంటిపనీ పొలంపనీ ఆయన బానిసల చేత చేయించాడు. 1787 నాటి వాయువ్య ప్రాంత శాసనం ఈ నేలమీద బానిసత్వాన్ని నిషేధించింది. పాత ఫ్రెంచి కుటుంబాలు మాత్రం అది తమకు వర్తించదని వాదిస్తూ బానిసల్ని అట్టే ఉంచుకున్నాయి. అలాంటి బానిసల్లో ఒకామె అస్పాసియా. ఆ శాసనం వచ్చాక కస్కాస్కియాలోనే పుట్టింది. మెనార్డ్ ఆమెను కొని, సెయింట్ లూయిస్‌లో ఉన్న అల్లుడు ఫ్రాన్స్వా షూటోకు అప్పగించాడు. ఆమె అక్కడ కోర్టుకెక్కింది. నిషేధం ఉన్న గడ్డమీద పుట్టినదాన్ని, నేను బానిసనెలా అవుతానని ఆమె వాదన. మిస్సోరీ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. మెనార్డ్ ఊరుకోలేదు, వాషింగ్టన్ దాకా వెళ్లాడు. 1831లో అమెరికా సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యం తన పరిధిలోకి రాదంటూ కొట్టేసింది. అస్పాసియా గెలిచింది.

రాష్ట్ర చట్టసభను నడిపిన మనిషి, తన గడ్డమీద అమలు కావలసిన శాసనానికి విరుద్ధంగా ఒక ఆడమనిషి మీద దేశపు పైకోర్టు దాకా పోరాడాడు. నా దృష్టిలో ఆయన జీవితంలో దీనికంటే చెప్పుకోవలసిన ఘట్టం లేదు. 1844లో ఆయన చనిపోయాడు. మరుసటేడే ఇల్లినాయ్ సుప్రీంకోర్టు, ఫ్రెంచి కుటుంబాల బానిసలకు పుట్టిన సంతానం స్వతంత్రులేనని తేల్చింది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాష్ట్ర కాపిటల్ ముందు పందొమ్మిదో శతాబ్దం నుంచీ నిలబడ్డ మెనార్డ్ విగ్రహాన్ని 2020లో తీసేశారు. మంచి పనే చేశారు. ఇల్లు మాత్రం ఉండాలి. ఎత్తైన రాతి పునాది, నదివైపు పొడవాటి వసారా, వెనక విడిగా వంటగది ఉన్న ఆ ఫ్రెంచి ఇంట్లో ఈ కథ మొత్తం చెప్పుకోవచ్చు. ఇటువైపు వస్తే తప్పకుండా చూడండి. అస్పాసియా గురించి అడగండి. అడిగేవాళ్లు ఎక్కువైతే ఆమె కథ కూడా ఆ గోడలమీదికి ఎక్కుతుంది.