పెంపుడు పాముల చర్మవ్యాధులు: నివారణ, చికిత్స

పెంపుడు పాములకు వచ్చే చర్మవ్యాధులకు మూలం చాలాసార్లు పాము ఒంట్లో కాక, దాన్ని ఉంచిన పెట్టెలో కనిపిస్తుంది. తేమ చాలకపోవడం, వేడి హద్దు మీరడం, అడుగున పరిచిన పొట్టు కుళ్లడం, కొత్త పాము వెంట పరాన్నజీవులు రావడం, ఎరగా వేసిన ఎలుక తిరగబడి కరవడం ప్రధాన కారణాలు. అనేక దేశాల్లో ఇళ్లలో విరివిగా పెంచే బాల్ పైథాన్ ఇందుకు మంచి ఉదాహరణ.

ఈ చిన్న కొండచిలువ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందినది. పగటిపూట ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ముడుచుకుని పడుకుంటుంది. పుట్టలో పాము మన ఊళ్లకూ తెలిసిన దృశ్యమే. బయట నేల ఎండి నెర్రెలిచ్చినా పుట్ట లోపల గాలి చెమ్మగా ఉంటుంది. ఏసీ గదిలో, జాలీ మూత ఉన్న గాజుపెట్టెలో ఆ చెమ్మ నిలవదు. పాము చర్మం మీద మొదట ప్రభావం చూపేది ఈ లోటే.

పాము పొలుసుల పై పొరలో ఉండేది కెరటిన్, అంటే మన గోళ్లలోని పదార్థమే. కింద కొత్త పొర సిద్ధమయ్యాక పాతది కుబుసంగా ఊడిపోతుంది. ఆ రోజులు దగ్గరపడితే ఒంటి రంగు మసకబారుతుంది, కళ్లు పాలు కలిపిన నీలంలా మారతాయి. కొద్దిరోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత మరికొద్ది రోజుల్లో పాము కుబుసం విడుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాము దిండు గలేబు తిరగేసినట్టు తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా విడుస్తుంది. పాములకు కనురెప్పలు లేవు. కంటిని కప్పి ఉండే పారదర్శకమైన పొలుసు కూడా కుబుసంతోనే ఊడాలి. అందుకే కుబుసాన్ని పారేసే ముందు వెలుతురుకు పట్టి, రెండు కంటి పొరలూ తోక చివరా వచ్చాయో లేదో చూడాలి.

కుబుసం పేలికలుగా ఊడిందంటే ముందుగా అనుమానించవలసింది తేమనే. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో గాలిలో తేమ 50 నుంచి 60 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 శాతం దాకా ఉండాలి. పెట్టెలో ఒక మూల తడి నాచు పరిచిన చిన్న డబ్బాను గుహలా అమరిస్తే పాము తనకు కావలసినప్పుడు అందులో దూరుతుంది. పుట్టకు దగ్గరి ప్రత్యామ్నాయం అదే. ఒంటి మీద మిగిలిన పొరను తొలగించడానికి పామును గోరువెచ్చని తడి తువ్వాలులో 20, 30 నిమిషాలు పాకనిస్తే చాలు. తోక చివర మిగిలిన పొర బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపేయగలదు కాబట్టి ఆలస్యం చేయకూడదు. కంటి మీది పొరను మాత్రం గోటితోగానీ చిమటాతోగానీ లాగకూడదు. లాగితే కన్నే పోవచ్చు. తేమ సరిచేస్తే తరచుగా తర్వాతి కుబుసంతో అదే ఊడుతుంది, ఊడకపోతే పశువైద్యుడు తీయాలి.

చర్మవ్యాధుల్లో అన్నిటికన్నా మొండిది మైట్ల బెడద. ఓఫియోనిసస్ నేట్రిసిస్ అనే ఈ రక్తపిపాసి పెద్దదైనా మిల్లీమీటరు పైచిలుకే ఉంటుంది. కళ్ల చుట్టూ, గడ్డం కింది మడతలో, పొలుసుల అంచుల్లో నల్లటి చుక్కల్లా కనిపిస్తుంది. మైట్లు పట్టిన పాము గంటల తరబడి నీళ్ల గిన్నెలో పడుకుంటుంది. ఆ నీళ్లలో మిరియాల పొడి చల్లినట్టు చచ్చిన మైట్లు తేలితే ఇక సందేహం అక్కర్లేదు. ఇవి రక్తం తాగడంతో ఆగవు, ఏరోమోనాస్ బాక్టీరియాను కూడా ఒక పాము నుంచి మరో పాముకు మోస్తాయి.

ఆడ మైట్ తన జీవితకాలంలో 60 నుంచి 80 గుడ్లు పెట్టగలదు. అయితే పెట్టేది పాము ఒంటి మీద కాదు, చీకటి పగుళ్లలో, పెట్టె మూలల్లో. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో గుడ్డు రెండు, మూడు వారాల్లోనే పెద్ద మైట్ అవుతుంది. పాముకు మందు వేసి పెట్టెను వదిలేసినవాళ్లు నెల తిరగకుండా మళ్లీ మొదటికి రావడానికి కారణం ఇదే. పొట్టు మొత్తం తీసి పారేయాలి, చెక్కముక్కలు మార్చాలి, పెట్టెను వేడినీళ్లతో కడిగి పగుళ్లను తుడవాలి, పాముకు కాగితం పరుపు వేయాలి. ఫిప్రోనిల్, ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పనిచేస్తాయి, కానీ మోతాదు వైద్యుడే చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం కనుక ఇంట్లో అవి కూడా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. కొత్తగా తెచ్చిన పామును 3 నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచడం మందులన్నిటికన్నా మేలు.

తేమ కావాలన్నారని పరుపును నానబెట్టినా ముప్పే. గాలి చెమ్మగా ఉండాలి, నేల పొడిగా ఉండాలి. తడి, మలమూత్రాలు కలిసిన పరుపు మీద పడుకున్న పాముకు పొట్ట పొలుసులు ఎర్రబడి, బొబ్బలెక్కి, పుండ్లవుతాయి. తొలిదశలో పొడి కాగితం మీదకు మార్చి, లేత టీ రంగు వచ్చేలా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేసి, వైద్యుడు చెప్పిన సిల్వర్ సల్ఫాడయజీన్ పూస్తారు. ముదిరితే ఇంజెక్షన్లు తప్పవు. పాము శరీరం మందును నెమ్మదిగా వదిలించుకుంటుంది కాబట్టి సెఫ్టాజిడైమ్ వంటి యాంటీబయాటిక్‌ను సాధారణంగా 3 రోజులకోసారి ఇస్తారు. చికిత్స సాగినన్నాళ్లూ పాముకు తగిన వెచ్చదనం ఉండాలి, చల్లబడిన పాములో రోగనిరోధక శక్తి మందగిస్తుంది.

కాలిన గాయాలు పూర్తిగా మనుషుల పొరపాటే. పొట్ట కింద కాలుతున్నా పాము వెంటనే పక్కకు జరుగుతుందన్న నమ్మకం లేదు. ప్రతి హీటర్‌కూ థర్మోస్టాట్, ప్రతి బల్బుకూ జాలీ ఉండాలి. బతికున్న ఎలుకను పాముతో వదిలేయడమూ ఇలాంటి తప్పే. ఆకలి లేని పామును ఎలుక వెన్నెముక కనిపించేదాకా కొరికిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

శిలీంధ్రాల్లో ఓఫిడియోమైసిస్ ఓఫిడియికోలా ప్రమాదకరం. అమెరికాలోని జార్జియాలో ఒక పెంపుడు నల్ల ర్యాట్ స్నేక్ నుంచి సేకరించిన దీన్ని 2009లో కొత్త జాతిగా వర్ణించారు. ముఖం మీద వాపు, పెచ్చులు, గట్టి కణుపులు దీని గుర్తులు. అడవి పాములనూ చంపుతున్న వ్యాధి ఇది. కాబట్టి జబ్బుపడిన పెంపుడు పామును బయట వదిలిపెట్టడం ఎంతమాత్రం తగదు.

భారతదేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి స్వదేశీ పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులకు 2024 నిబంధనల కింద నమోదు తప్పనిసరి. పాము ఒంటి మీద మచ్చ కనిపించినప్పుడు ఆ నమోదు పత్రాలతో పాటు ఆఖరి కుబుసాన్ని ఒక సంచిలో, పెట్టెలోని వేడి, తేమ అంకెలను ఒక కాగితం మీద వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పామును తాకిన ప్రతిసారీ సాల్మొనెల్లా సోకకుండా సబ్బుతో చేతులు కడుక్కోండి.