బాపట్ల సభ తిరిగి తెలుసుకున్నది

ఎన్నికలు దగ్గరపడితే ఎవరికెన్ని సీట్లన్న లెక్కలు ఊరూరా తిరుగుతాయి. ఇదంతా టీవీ చానళ్లు వచ్చాక పుట్టిన అలవాటని చాలామంది అనుకుంటారు. కానీ నిర్ణయానికి ముందు జనం మనసు తెలుసుకోవాలన్న పట్టుదల మన తీరంలో నూరేళ్లకు పైబడినది. 1913 మే నెలలో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వర శర్మ. తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట సభలో గట్టిగానే వినిపించింది. ఆ కోరిక బలంగా ఉన్నది కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల్లో. వాళ్లు తలుచుకుంటే తీర్మానాన్ని చప్పట్లతో నెగ్గించుకోగలరు. అయినా సభ ఆగింది. రాయలసీమ, గంజాం, విశాఖ వైపు వాళ్లు ఏమనుకుంటున్నారో తెలియకుండా తొందరపడకూడదని, అభిప్రాయం కూడగట్టే పనిని స్థాయీ సంఘానికి అప్పగించింది. కొండా వెంకటప్పయ్య వంటి పెద్దలు జిల్లాలు తిరిగారు. మరుసటి ఏడు బెజవాడ సభలో గాని ఆ తీర్మానం నెగ్గలేదు.

ఆ తిరుగుడులో బయటపడిన అసలు సంగతి సీమ వాళ్ల సంకోచం. చదువులోనూ సాగునీటిలోనూ ముందున్న కోస్తా సర్కారు జిల్లాల కింద తాము అణిగిపోతామేమోనని అక్కడి నాయకులు వెనకాడారు. 1914 తీర్మానంతో ఆ భయం పోలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నాకే దారి దొరికింది. నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు అందులోకి వచ్చాయి. అభిప్రాయ సేకరణ విలువ ఇక్కడే ఉందని నా వాదన. ఎక్కువమంది ఔనన్నారని చెప్పడం దాని పనిలో సగమే. కాదన్నవాళ్లు ఎందుకు కాదన్నారో పట్టుకోవడం మిగతా సగం. మన ఇప్పటి సర్వేలు ఆ రెండో సగాన్ని వదిలేశాయి.

బాపట్ల పెద్దలు అడిగిందెవరినని ఎవరైనా నిలదీయవచ్చు. నిజమే. వకీళ్లు, భూవసతి ఉన్నవాళ్లు, పత్రికలు చదివేవాళ్లే ఆ సభల్లో కనిపిస్తారు. కూలీలు, ఆడవాళ్లు, మాల మాదిగ పల్లెలు ఆ ఆరాలోకి రాలేదు. ఈ లోటును తక్కువ చేసి మాట్లాడలేం. దాన్ని పూడ్చే పద్ధతి తర్వాత వచ్చింది. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోన్ జాబితాలు, కారు యజమానుల జాబితాలు పట్టుకుని కోటిమందికి కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా జవాబులు వచ్చినా, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని చెప్పి తప్పింది. ఎంతో తక్కువమందిని అడిగిన జార్జ్ గ్యాలప్ రూజ్‌వెల్ట్ గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. పేదా గొప్పా తేడా లేకుండా అన్ని వర్గాల నుంచీ మనుషులను ఎంచుకోవడమే ఆయన బలం. 1913లో లేని ఆ బలం ఈనాటి సర్వేలకు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి.

అయితే మనుషులను సరిగ్గా ఎంచుకున్నా లెక్క తప్పే చోటు మరొకటుంది. అది తెనాలి వైపు వాళ్లకు బాగా తెలిసిన కథ. కృష్ణా డెల్టా కమ్యూనిస్టులకు పట్టుకొమ్మ. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి కాంగ్రెస్ 40 స్థానాలు గెలిస్తే, కమ్యూనిస్టులు 41 గెలిచారు. 1955 మధ్యంతర ఎన్నికల ముందు ఆంధ్రలో ఎర్రజెండా ప్రభుత్వం ఖాయమన్న ప్రచారం దేశమంతా సాగింది. తీరా ఫలితాలొచ్చాక 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. కాంగ్రెస్ కూటమికి 146. ఓటమి ఘోరమే. కానీ వాళ్ల ఓట్లు 22 శాతం దగ్గర నుంచి 31 శాతానికి పెరిగాయి. ఈసారి ఎక్కువచోట్ల నిలబడ్డారన్నది అందుకు ఒక కారణం. ఎదుటివాళ్లలో చాలామంది ఒక్కటవడంతో పెరిగిన ఓట్లు సీట్లు కాలేదు. అంటే ప్రతి మూడు ఓట్లలో దాదాపు ఒకటి పడిన పక్షాన్ని జనం తుడిచిపెట్టేశారని ఆనాడు చెప్పుకున్నారు. సీట్లనే జనాభిప్రాయమనుకుంటే వచ్చే పొరపాటు ఇది. 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లోనూ కొన్ని సర్వేలు తెలుగుదేశం కూటమి అన్నాయి, కొన్ని వైఎస్సార్సీపీ అన్నాయి. 175లో కూటమికి 164 వచ్చాక ఎవరి లెక్క నెగ్గిందన్నదే చర్చ అయింది. ఓటరు ఏం కోరాడన్న ప్రశ్న పక్కకు పోయింది.

ఆ ఎన్నికలకు అయిదు నెలల ముందు, 2023 డిసెంబరు 5న, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసి పనల మీదున్న వరి నీళ్లలో నానింది. వెన్ను మీదే గింజ మొలకెత్తితే కొనేవాడుండడు. ఆ నష్టం కౌలుదారు మీద పడితే, పరిహారం జాబితాలో పేరెక్కించుకోవడమే అతనికి మరో గండం. ఇలాంటి దెబ్బలు తింటున్నా వాతావరణ మార్పు గురించి మన జనానికి పట్టదని తేల్చే ముందు, సర్వేల్లో అడిగిన తీరు చూడాలి. యేల్ విశ్వవిద్యాలయం, సీ ఓటర్ కలిసి 2021-22లో దేశమంతా చేసిన సర్వేలో 54 శాతం మంది భూతాపం గురించి కొంచెమే తెలుసనో, అసలు విననే లేదనో చెప్పారు. అదేమిటో రెండు ముక్కల్లో వివరించి అడిగితే, అది జరుగుతోందని 84 శాతం మంది అన్నారు.

జనం కులం, పార్టీ, పథకాలు చూసే ఓటేస్తారు, తుపాను గురించి అడిగి ప్రయోజనమేమిటని కొందరంటారు. ఓటు యంత్రం మీద నొక్కేది ఒక్క మీటే. ఆ మీట వెనక ఎన్ని కష్టాలున్నాయో అది చెప్పలేదు కాబట్టే సర్వే అవసరం. రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లే ప్రతి సర్వే బృందం తన పత్రంలో పంట మునక మీద, చేపల వేట ఆగిన రోజుల మీద ప్రశ్నలు చేర్చాలి. కౌలు రైతు జవాబును భూయజమాని జవాబుతో కలిపేయకుండా విడిగా అచ్చువేయాలి.