కండను కొలిచిన కిరణాలు

1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక రోగి తలకు తొలి సీటీ స్కాన్ తీశారు. యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. అప్పుడు వెతికింది మెదడులో గడ్డ కోసం. కండల సంగతి తర్వాత వచ్చింది.

వయసుతో కండ తరగడం వైద్యులకు కొత్త కాదు. దానికి సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టింది అమెరికా పరిశోధకుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్. పేరొచ్చాక కొలత కావాలి కదా! 1998లో న్యూమెక్సికోలో బామ్‌గార్ట్‌నర్ బృందం వృద్ధుల కాళ్లూ చేతుల కండ బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించింది. మగవారికి 7.26, ఆడవారికి 5.45 హద్దులుగా తేల్చింది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా యంత్రం ఇక్కడ అక్కరకొచ్చింది.

సీటీది వేరే దారి. నడుము భాగంలోని మూడో వెన్నుపూస దగ్గర ఒక్క అడ్డుకోత బొమ్మ చాలు. అందులో -29 నుంచి +150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (కిరణాలను కణజాలం ఎంత అడ్డుకుందో చెప్పే కొలత) మధ్య పడిన చుక్కలన్నీ కండ కింద లెక్క. -190 నుంచి -30 దాకా కొవ్వు. కేన్సర్ రోగులకు ఎలాగూ తీసే స్కాన్లలోనే ఈ లెక్క దొరుకుతుంది.

అయినా తొలి పరీక్ష స్కాన్ కాదు. 2019లో వెలువడిన యూరప్ సార్కోపీనియా మార్గదర్శకాలు ముందు బలాన్నే చూడమన్నాయి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేవడానికి 15 సెకన్లు దాటితే అనుమానించమన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు అంతకన్నా ఎక్కువ పడుతుంటే డాక్టరుకు చూపించండి.