పేనుబంకలో చిక్కుకుపోయిన బాక్టీరియా

చిక్కుడు పాదు పెంచినవాళ్ళకి పేనుబంక గురించి వేరే చెప్పక్కర్లేదు. లేత కొమ్మలకి అంటుకుని రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర దండిగా ఉంటుంది గానీ, ఒంటికి తప్పనిసరైన ఎమైనో ఆమ్లాలు బహు తక్కువ. మరి అంత సంతానం ఎలా కంటుంది? ఆ ఆమ్లాలు తయారుచేసి పెట్టే బుక్నెరా అనే బాక్టీరియా దాని ఒంట్లోనే, ప్రత్యేకమైన కణాల్లో, కాపురం ఉంటుంది. తల్లి నుంచి నేరుగా పిండానికి చేరుతుంది. బయటి ప్రపంచం మొహం చూసి 10 కోట్ల ఏళ్ళు దాటింది.

అన్ని జంతువులకీ ఇలా వారసత్వంగా రావు. హవాయి తీరంలోని బాబ్‌టెయిల్ స్క్విడ్ అయితే ప్రతి తరంలోనూ సముద్రపు నీళ్ళలోంచి విబ్రియో ఫిషరీని ఏరుకుని, తన వెలుగు అవయవంలో పెట్టుకుంటుంది. రోజూ తెల్లవారేసరికి దాదాపు 95 శాతాన్ని బయటికి నెట్టేస్తుంది! మిగిలినవి రాత్రికల్లా మళ్ళీ పెరుగుతాయి. సముద్రంలోనూ బతకాలి కనుక విబ్రియో జీనోం పెద్దదే, సుమారు 42 లక్షల అక్షరాలు.

2000లో జపాన్ శాస్త్రజ్ఞులు బఠానీ పేనుబంకలోని బుక్నెరా జీనోం చదివారు. ప్రధాన క్రోమోజోంలో 6,40,681 అక్షరాలే ఉన్నాయి. దాని చుట్టం ఈ.కోలైకి 46 లక్షలు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చూడగానే వాడని కోడ్ తీసేసి శుభ్రం చేసినట్టు కనిపిస్తుంది. నాకా పోలిక నచ్చదు. ఇక్కడ శుభ్రం చేసేవాడెవడూ లేడు. తల్లి ఒక్కో పిండానికీ అందించే బాక్టీరియాలు కొద్ది. అంత చిన్న గుంపులో చెడ్డ మార్పులు కూడా అదృష్టం కొద్దీ నిలిచిపోతాయి. పక్కవాళ్ళ దగ్గర మంచి ప్రతి తెచ్చుకుందామంటే పక్కవాళ్ళే లేరు. పనిచెయ్యని జన్యువు ముక్కలుముక్కలుగా రాలిపోతుంది. డీఎన్ఏ మరమ్మతు జన్యువులు కూడా చాలావరకు అలాగే పోయాయి. 1996లో నాన్సీ మోరన్ ఈ వాదాన్ని వివరంగా ముందుకు తెచ్చారు.

దీని ఖరీదు ఎంతో 2007లో ఆవిడ బృందమే చూపించింది. బుక్నెరాలో వేడిని తట్టుకునే ఒక జన్యువు ముందు ఒకే ఒక్క అక్షరం పోతే, చిన్నతనంలో ఎండదెబ్బ తిన్న పేనుబంకలకి పిల్లలు దాదాపు పుట్టలేదు. చల్లగా ఉన్నచోట మాత్రం అవే ముందుగా ఎక్కువ పిల్లల్ని కన్నాయి. అందుకే ఆ లోపం ఇంకా పోలేదు.

కొన్ని పేనుబంకలు రెండో బాక్టీరియాని చేర్చుకున్నాయి. దేవదారు జాతి చెట్లమీది సినారా సెడ్రిలో ట్రిప్టోఫాన్ తయారీ మొదటి మెట్టు బుక్నెరాది, మిగతా మెట్లు సెరాషియావి. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఏ ఒక్కరినీ పేనుబంక వదులుకోలేదు.