దత్త మండలాల సంధి, ఇరవై ఒకటో అధికరణం

మా సీమలో సంధికీ పన్నుకూ చుట్టరికం పాతది. 1800 అక్టోబరులో నిజాము తన వద్ద ఉంచుకొన్న కంపెనీ సైన్యపు ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఆళ్ళగడ్డకు పొరుగున ఉన్న కోయిలకుంట్ల ఆ భాగంలోనిదే. నంద్యాల మాత్రం కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండి, 1839లో కంపెనీ వశమయింది. సంధి జరిగిన వెంటనే థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1807 వరకు ఉండి, పొలాలు కొలిపించి శిస్తు కట్టించాడు. ఆ సంధిపత్రంపై చేవ్రాలు చేసినవారిలో రైతు లేడు. శిస్తు కట్టినవాడు మాత్రం అతడే.

పింఛను, ఇనాము భూముల తగవుతో 1846లో తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీశారు. సంధి తెచ్చిపెట్టిన 'దత్త మండలాలు' అనే పేరును వదిలించుకొని 'రాయలసీమ' అని పేరు పెట్టుకొన్నది 1928 నవంబరులో, మా నంద్యాలలోనే.

ఇంత పూర్వకథ చెప్పడానికి కారణం మరొక ఒప్పందం. ఈనాడు మా తాలూకా పిల్లలు ఎందరో పొలం మీదనో ఇంటి మీదనో అప్పు తీసుకొని అమెరికాకు చదువులకు వెళుతున్నారు. వారి జీతంపై అక్కడ పడే పన్నును కూడా రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందమే కొంత నిర్ణయిస్తున్నది.

భారత్, అమెరికాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందంపై 1959లోనే ఒకసారి సంతకాలు జరిగాయి గాని అది అమలులోకి రాలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 1989 సెప్టెంబరు 12న ఢిల్లీలో మళ్ళీ సంతకాలయ్యాయి. 1990 డిసెంబరు 18న అది అమలులోకి వచ్చి, అమెరికాలో 1991 జనవరి నుంచి వర్తించింది. అందులో 21వ అధికరణం విద్యార్థులది. మొదటి పేరా ప్రకారం పోషణకూ చదువుకూ విదేశం నుంచి వచ్చే సొమ్ముపై పన్ను లేదు. రెండవ పేరా మరింత విలువైనది. ఉపకారవేతనం, ఉద్యోగపు జీతం విషయంలో అక్కడి నివాసులకున్న మినహాయింపులు, తగ్గింపులు మన విద్యార్థికీ ఉంటాయని అది చెబుతుంది.

ఈ పేరా ఎక్కడిదో వెదికితే నాకు ఆశ్చర్యం కలిగింది. వర్ధమాన దేశాలను దృష్టిలో ఉంచుకొని ఐక్యరాజ్యసమితి 1980లో ప్రకటించిన నమూనా ఒప్పందంలో దాదాపు ఇవే మాటలున్నాయి. 2001లో వెలువడిన సవరణ ప్రతిలో ఆ పేరాను తొలగించారు. నమూనాలో లేకుండా పోయిన వాక్యం మన ఒప్పందంలో ఇప్పటికీ సజీవంగా ఉన్నది. 1984 నాటి చైనా ఒప్పందం విద్యార్థి సంపాదనలో ఏటా 5,000 డాలర్లకు మాత్రమే మినహాయింపునిచ్చింది. మనవారు అంకె వేయించుకోలేదు, సమానత్వం వ్రాయించుకొన్నారు. ధరలు పెరిగి 'స్టాండర్డ్ డిడక్షన్' పెరిగినప్పుడల్లా మన విద్యార్థి లాభమూ పెరిగింది.

లెక్కలో చూద్దాం. ఎఫ్-1 వీసాపై వచ్చినవారిని సాధారణంగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను చట్టం అనివాసులుగానే చూస్తుంది. అనివాసులకు స్టాండర్డ్ డిడక్షన్ లేదు. 2024లో 18,000 డాలర్ల జీతం పొందిన అవివాహిత విద్యార్థికి, ఇతర తగ్గింపులేవీ లేవనుకొంటే, ఫెడరల్ పన్ను 1,928 డాలర్లు. ఒప్పందం ప్రకారం ఆ ఏటి 14,600 డాలర్లు తీసివేస్తే మిగిలేది 3,400, దానిపై పన్ను 340. తేడా 1,588 డాలర్లు. అప్పు చేసి వెళ్ళిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు. రాష్ట్రాల పన్ను సంగతి వేరు, ఈ ఒప్పందం దానిని కట్టడి చేయదు.

ఆళ్ళగడ్డ కుర్రవాడొకడు, "వాళ్ళే తగ్గించుకొని ఉంటారు గదా మామా?" అని నన్నడిగాడు. "లేదు నాయనా, అడిగినవాడికే," అన్నాను. 1040-ఎన్ఆర్ పత్రంలో ఆ మొత్తాన్ని వ్రాసి, భారత్-అమెరికా ఒప్పందం కింద తీసుకొంటున్నానని పక్కన పేర్కొనాలి. విడివిడి ఖర్చుల తగ్గింపునూ దీనినీ కలిపి కోరరాదు. అమెరికా వెళ్ళే ముందు భారత నివాసియై ఉండాలి. చదువుకు న్యాయంగా పట్టే కాలానికే ఈ సౌకర్యం. గతంలో కోరనివారు సాధారణంగా పత్రం దాఖలు చేసిన మూడేళ్ళలోపు 1040-ఎక్స్ ద్వారా తిరిగి అడగవచ్చు.

1800 నాటి సంధిలో మా రైతుకు అడగడానికి ఒక్క వాక్యం లేదు. 1989 నాటి దానిలో అతని మునిమనుమడికి ఒక పేరా ఉన్నది. ఎవరో అధికారులు బల్లకు ఎదురెదురుగా కూర్చుని, ముక్కూ మొగమూ తెలియని పిల్లల కోసం దానిని నిలబెట్టారు. తెలియక వదులుకొంటే వారి శ్రమ వృథా. అమెరికాలో చదువుకొంటున్న మీ ఇంటి పిల్లలకు ఈ సంగతి చేరవేయగలరని మిత్రులకు మనవి.