కంటితో విన్న చెక్క

డ్రమ్స్ మీద వచ్చే సమీక్షలు చదువుతుంటే ఒక మాట పదే పదే తగులుతుంది: ‘వెచ్చని శబ్దం’. మేపుల్ చెక్క స్నేర్ డ్రమ్‌ది వెచ్చని శబ్దమట, బిర్చ్‌ది పదునైనదట, బుబింగాది ముదురుదట. పుస్తకాల గురించి రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఇలాంటి విశేషణాలు వరసగా కనబడగానే నాకు అనుమానం మొదలవుతుంది. ఈ వెచ్చదనం చెక్కలో ఉందా, వినే చెవిలో ఉందా, లేక ఆ చెక్క రంగుని చూస్తున్న కంట్లో ఉందా?

స్నేర్ డ్రమ్ మనకి కొత్తదేం కాదు. స్కూల్లో మార్చ్‌పాస్ట్‌కి మెడలో వేసుకుని వాయించే సైడ్ డ్రమ్ దానికి దగ్గరి చుట్టమే. పైన దెబ్బ తినే తోలు, కింద అంతకన్నా పల్చటి తోలు, ఆ కింది తోలుకి ఆనిస్తూ బిగించిన తీగలు. పైన కొట్టగానే లోపలి గాలి కింది తోలుని కదిలిస్తుంది, అది తీగల్ని తడుతుంది. మనం వినే ఆ ‘చర్ర్’మనే చప్పుడు అలా పుడుతుంది. మధ్యలో ఉన్న చెక్క గుండ్రం, అంటే షెల్, ముఖ్యంగా చేసే పని రెండు తోళ్ళనీ దూరంగా, బిగువుగా పట్టి ఉంచడం. అదీ కదులుతుంది గానీ, తోలు కదిలేదానితో పోలిస్తే చాలా తక్కువ. తోలు మందం, దాని బిగువు, తీగలు, డ్రమ్ లోతు, తోలు ఆనే అంచుని ఎలా చెక్కారన్నది, ఇవన్నీ లెక్కలోకి వచ్చాక చెక్క జాతి వంతు వస్తుంది.

అయినా జనం ముందు మాట్లాడేది చెక్క గురించే. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధంలో డ్రమ్ అంటే సంగీతం కన్నా ముందు సమాచారం. నిద్ర లేవమన్నా, వరసలో నిలబడమన్నా, నడవమన్నా డ్రమ్ మోతతోనే చెప్పేవారు. పల్చటి పలకని గుండ్రంగా వంచి, అంచులు కలిపి, అతుకు మీద ఇత్తడి మేకులతో ముగ్గులాంటి అలంకారం కొట్టేవారు. బిగించడానికి తాళ్ళు, తాళ్ళని సర్దడానికి తోలు పట్టీలు, అడుగున తీగల బదులు జంతువుల పేగుతో చేసిన నరాలు. ఉత్తరాది సైన్యం డ్రమ్ముల ముందు భాగాన రెక్కలు చాచిన గద్ద బొమ్మ ఉండేది. గాలి పోవడానికి పెట్టిన చిన్న రంధ్రంలోంచి లోపలికి చూస్తే తయారీదారు అంటించిన చీటీ కనబడుతుంది. ఇవాళ మ్యూజియంలో ఆ డ్రమ్ముల ముందు నిలబడేవాళ్ళు మాట్లాడుకునేది కూడా గద్ద గురించే. చెక్క, ఆ బొమ్మ గీయడానికి దొరికిన గోడ, అంతే.

1930ల్లో షికాగోకి చెందిన స్లింగర్‌లాండ్ కంపెనీ ‘రేడియో కింగ్’ స్నేర్ చేసింది. ఒకే మేపుల్ పలకని ఆవిరిలో మెత్తబరిచి వంచిన షెల్ అది. పాత చెక్క స్నేర్లలో దీనికున్నంత పేరు చాలా తక్కువ వాటికే ఉంది. దాన్ని ఇంటింటికీ తెలిసేలా చేసినవాడు జీన్ క్రూపా. 1938 జనవరి 16న కార్నెగీ హాల్లో బెనీ గుడ్‌మన్ కచేరీకి డ్రమ్స్ వాయించింది ఆయనే. కానీ క్రూపా ఫొటోల్లో మేపుల్ కోసం వెతికితే కనబడదు. చుట్టూ ముత్యంలా మెరిసే తెల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. స్టేజి దీపాల కింద అది తళతళలాడాలి, అదీ ఆనాటి అందం. అంత గొప్ప చెక్కని అప్పట్లో దాచిపెట్టి అమ్మారన్నమాట.

బీటిల్స్‌ది కూడా ఇదే కథ. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివాన్ షోలో సుమారు 7.3 కోట్ల మంది అమెరికన్లు రింగో స్టార్‌ని చూశారు. ఆ లడ్విగ్ డ్రమ్ముల షెల్ చెక్కే, చూసినవాళ్ళకి గుర్తుండిపోయింది మాత్రం నలుపు-తెలుపు చారల ముత్యపు తొడుగు. ఆ తర్వాతి రికార్డింగుల్లో రింగో డ్రమ్ముల మీద వంటింటి తువ్వాళ్ళు కప్పి వాయించాడు. ఆ మెత్తటి, పొడి దెబ్బలో చెక్క వాటా ఎంత, తువ్వాలు వాటా ఎంత?

అసలు పెద్ద మార్పు షెల్‌లో రాలేదు, తోలులో వచ్చింది. అంతకుముందు దూడ తోలు వాడేవారు. గాలిలో తేమ పెరిగితే అది సాగుతుంది. మన డప్పు వాయించేవాళ్ళు మంట దగ్గర డప్పు కాచుకోవడం తెలిసినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. 1957లో రెమో బెల్లి కంపెనీ ప్లాస్టిక్ తోళ్ళని మార్కెట్లోకి తెచ్చాక వాన పడినా, ఎండ కాసినా బిగువు దాదాపు ఒకేలా నిలబడింది. పోలికలో పేచీ ఇక్కడే ఉంది. 1930ల రికార్డులో మనకి ‘చెక్క శబ్దం’గా వినిపించేదాంట్లో కొంత దూడ తోలు శబ్దం.

చెక్క తొడుగు విప్పుకుని బయటికి వచ్చిన కథల్లో ఒకటి 1980ల నాటిది. మసాచుసెట్స్‌లోని గ్రాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో నోబుల్ అండ్ కూలీ అని ఒక కంపెనీ ఉంది. 1854లో మొదలై అంతర్యుద్ధ సైన్యాలకి డ్రమ్ములు చేసింది, ఆ తర్వాత తరాల తరబడి పిల్లలు ఆడుకునే డ్రమ్ములు చేసింది. 1980ల్లో వాళ్ళు ఒకే పలకని ఆవిరిలో వంచే పాత పద్ధతినే పట్టుకుని మేపుల్ స్నేర్లు చేశారు. ఈసారి తొడుగు లేదు. పారదర్శకమైన పాలిష్ కింద తేనె రంగులో చెక్క గీతలు చక్కగా కనబడతాయి. చెక్క ఇలా కంటికి కనబడ్డాకే ‘వెచ్చన’, ‘సహజం’ లాంటి మాటలకి ఇంత గిరాకీ పెరిగిందని నా అనుమానం. తేనె రంగుని చూస్తూ వింటే శబ్దం కూడా తియ్యగానే ఉంటుంది మరి.

చెక్కకీ లోహానికీ అసలు తేడానే లేదని నేననడం లేదు. ఉంది. అల్యూమినియం షెల్‌తో చేసిన లడ్విగ్ సుప్రాఫోనిక్‌ని కొడితే లోహపు గంట మోతలాంటిది వెంట వస్తుంది. లెడ్ జెప్లిన్‌లో జాన్ బోనమ్ వాయించింది అదే. షెల్ మందం మారినా తేడా వినిపిస్తుంది. ‘మేపుల్ వెచ్చన, బిర్చ్ పదును’ అనే దగ్గరే నా పేచీ. ఆ రెండిటినీ ఒకే మందంలో, ఒకే అంచుతో, ఒకే తోలుతో, ఒకే బిగువులో పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాక చెప్పాల్సిన మాట అది.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ వాదన అనుకోవచ్చు. కానీ దీనికి ధర కడుతున్నది అడవి. మధ్య ఆఫ్రికా అడవుల్లో పెరిగే బుబింగా ఎర్రటి, చారలున్న అందమైన చెక్క. కొన్ని డ్రమ్ముల్లో షెల్ మొత్తం దాంతోనే చేస్తారు. చాలా వాటిలో మాత్రం మామూలు చెక్క మీద పైపొరగా, కాగితమంత పల్చగా అంటిస్తారు. ఆ పొర చేసే పని దాదాపుగా కంటికే. 2017 జనవరిలో సైటిస్ ఒప్పందం బుబింగా అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టింది. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చింది, చెక్క దుంగల మీద అదుపు అలాగే ఉంది. శేషాచలం ఎర్రచందనం కథ తెలిసిన మనకి, ఒక రంగు కోసం అడవి ఎలా పల్చబడుతుందో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కథల గురించి రాసేటప్పుడు మనం ‘మట్టివాసన’ అని ఎంత తేలిగ్గా వాడేస్తామో చూడండి. కథ పల్లెలో జరిగితే, అట్ట మీద పొలం బొమ్మ ఉంటే ఆ వాసన దానంతటదే వచ్చేస్తుంది. వాక్యం ఎలా నడిచింది, మాట ఎక్కడ బిగిసింది, ఎక్కడ సడలింది అన్నది తర్వాతెప్పుడో చూస్తాం, ఒక్కోసారి చూడనే చూడం. స్నేర్‌లో తోలునీ తీగల్నీ వదిలేసి చెక్కని పొగడటం లాంటిదే ఇది. ‘వెచ్చని’ అని రాయబోయే ముందు ఆ డ్రమ్ మీద ఏ తోలుందో, అది ఎంత బిగువుగా ఉందో అడగటం పెద్ద కష్టమేం కాదు. ‘మట్టివాసన’ అని రాయబోయే ముందు కూడా అలాంటి ప్రశ్న ఒకటి వేసుకోవచ్చు.